ముక్కు మూసుకుని కూర్చున్న ఉదయం

నాంపల్లిలో కాపురమున్న రోజులవి. పాప కాస్త ఏడ్చినా గుండె దడదడలాడి పరుగెత్తేదాన్ని. ఆ భయం వదిలించుకోవాలని ఆబిడ్స్‌లో ప్రాణాయామం నేర్చుకున్నాను.

ఒక ఉదయం సాధన మధ్యలో, అప్పుడే పాలు తాగిన పాప ఏడుపు అందుకుంది. కళ్లు తెరిచాను గాని, ముక్కు మీద వేళ్లు తీయలేదు.

“ఏందమ్మా గిది? పిల్ల ఏడుస్తుంటే ముక్కు మూసుకొని కూసున్నవ్! లెవ్వు!” అని అత్తగారు అరిచారు.

“అయిపోయినంక లేస్తా అత్తమ్మా” అని మళ్లీ కళ్లు మూసుకున్నాను.

పెద్దల ముందు తండ్రి కన్నబిడ్డను ఎత్తుకోకూడదనే మా ఇంట్లో, మావారు పేపరు పక్కన పెట్టి లేచి, పాపను భుజాన వేసుకున్నారు.

“నా ముంగటనే ఎత్తుకుంటవా? సిగ్గులేదురా?”

“నా బిడ్డనే గదా అమ్మా!”

పాప ఊరుకుంది. నేను ఊపిరి నిదానంగా వదిలాను.

అత్తగారు ఇప్పటికీ సణుగుతారు. సణగనివ్వండి. నేను పరుగెత్తడం మానాకే మా పాపకు తండ్రి దొరికాడు.