కశింకోట దాటాక ఎడమ చేతి మలుపు

మొన్న తుఫాను వస్తోందని టీవీలో చెప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మా మనవరాలి చేతిలో ఫోను మోగుతూనే ఉంది. చుట్టాలందరూ కలిసి అందులో ఒక గ్రూపు పెట్టుకున్నారట. గాలి తగ్గిన మర్నాడు పొద్దున్నే ఒకరి తరవాత ఒకరు 'మేము సేఫ్' అని పెట్టేశారు, ఆ రెండు మాటలకి కూడా ఓపిక లేనివాళ్లు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల అనకాపల్లి నుంచి గొలుగొండ దాకా ఉన్న మావాళ్లందరి క్షేమమూ తెలిసిపోయింది. "అందరూ బాగున్నారు అమ్మమ్మా, అయిపోయింది" అని ఆ పిల్ల ఫోను పక్కన పడేసి స్కూలు సంచీ సర్దుకుంది. అయిపోయింది అన్న మాట చెవిన పడ్డాక నాకు ఆ పూట ఏ పనీ సాగలేదు.

ఈ పిల్ల వాళ్లమ్మ కడుపులో ఉండగా వచ్చిన తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లారి మొదలైన గాలి మధ్యాహ్నానికి ఒక్కసారి ఆగితే, హమ్మయ్య అనుకుని తలుపు తీసినవాళ్లని రెండో వైపు నుంచి మళ్లీ వచ్చి కొట్టింది. మా వీధిలో కరెంటు స్తంభాలు ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి, సెల్లు టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాయి. ఎవరు బతికున్నారో ఎవరు లేరో కళ్లతో చూస్తే తప్ప తెలిసే దారి లేదు. మా అమ్మాయి మొదటి కాన్పుకని మా ఇంట్లోనే ఉంది, నెలలు నిండాయి. మా అబ్బాయికి అప్పట్లో షేర్ ఆటో ఉండేది. వెనకాల రెండు నెమళ్లు వేయించుకున్నాడు, ఆ నెమళ్లని చూసి కశింకోట చుట్టుపక్కల ఎవరైనా ఇది ఫలానా వాళ్ల ఆటో అని గుర్తుపట్టేవాళ్లు.

ఇక్కడ మా అప్ప గురించి చెప్పాలి. అప్ప అంటే మా వైపు అక్క. మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, నన్ను పెంచింది అప్పే. తనకి పిల్లల్లేరు, బావ పోయాక కశింకోట దాటాక పెద్దరోడ్డు నుంచి ఎడమ చేతికి తిరిగే ఊళ్లో, చెరుకు తోటల పక్కన రేకుల ఇంట్లో ఒక్కతే ఉండేది. మా ఇంటికి రమ్మంటే నవ్వేసేది. నా ముగ్గురు పిల్లలకీ పురిటి స్నానాలు చేయించిందీ, బాలింతకి పెట్టే కాయం దంచి ఇచ్చిందీ తనే. రెండు కాళ్లూ బారజాపి కూర్చుని, కాళ్ల మీద బిడ్డని పడుకోబెట్టి, ఒంటికి నూనె పట్టించి నీళ్లు పోస్తుంటే బిడ్డ ఏడవడం మానేసి నిద్రపోయేది. అలాంటి స్నానం నాకు చేతకాలేదు, నా కాళ్ల మీద బిడ్డ జారిపోతున్నట్టే ఉండేది. ఇదిగో, ఈసారి మా అమ్మాయి కాన్పుకి కూడా నువ్వే రావాలని దసరాకే చెప్పి ఉంచాను.

తుఫాను వెళ్లిన మూడో రోజుకి పెద్దరోడ్డు మీది చెట్లు నరికి పక్కకి లాగారు. మా ఆటోలో ఉన్న డీజిలు ఒక్క రానూపోనూ ప్రయాణానికే సరిపోతుంది, బంకు దగ్గరేమో వరస ఊరి చివరి దాకా ఉంది. ఆ ఒక్క ప్రయాణం ఎవరింటికన్నది నేను రెండో ఆలోచన లేకుండా తేల్చేశాను. పలకరింపులకి ఒక వరస ఉంటుంది కదా మనకి. ముందు ఆడపిల్లనిచ్చిన ఇల్లు, తరవాత అన్నం పెట్టిన షావుకారి ఇల్లు, ఆ తరవాత మిగిలిన చుట్టాలు. ఎవరికి కోపం వస్తుందో వాళ్ల గుమ్మం ముందు తొక్కాలి, కోపం రానివాళ్లు ఆగుతారు. ఈ లెక్క నాకెవరూ నేర్పలేదు, పెళ్లయిన దగ్గర్నుంచీ చూసి చూసి వంటబట్టింది. మా వియ్యాలవారు ఎస్. రాయవరం దగ్గర పల్లెలో ఉంటారు. అల్లుడు తుఫాను తగలని ఉద్యోగం ఊళ్లో క్షేమంగా ఉన్నాడు, అమ్మాయి నా కళ్లెదుటే ఉంది, అయినా కోడల్ని మా ఇంట్లో పెట్టుకుని అత్తమామల్ని పలకరించలేదన్న మాట పడకూడదని పాలపొడీ, కొవ్వొత్తులూ, బియ్యం మూటా కట్టించాను.

కశింకోట దాటాక ఆ మలుపు వచ్చింది. ఊరి దారికి అడ్డంగా పడిన చెట్లని నలుగురైదుగురు నరుకుతున్నారు. మా అబ్బాయి ఆటో నెమ్మది చేసి, "అమ్మా, ఇక్కడ ఆపీనా? నడిసెల్లి పెద్దమ్మని సూసొచ్చేద్దువు, ఎంతసేపు" అన్నాడు.

"ముందు అక్కడికి పదరా, పొద్దోతే ఇయ్యపురాలు మాటంటాది. అప్ప ఏటీ అనుకోదు" అన్నాను.

ఇప్పటికీ ఆ మాట నా నోటితోనే వినపడుతుంది నాకు.

తీరా వెళ్తే వియ్యాలవారి ఇంట్లో పశువుల పాక కప్పు ఒకటే ఎగిరిపోయింది, మనుషులూ పశువులూ నిక్షేపంగా ఉన్నారు. ఆవిడ గుమ్మంలోంచే, "గాలెల్లిపోయి మూడ్రోజులైనాది, ఇప్పటికి గుర్తొచ్చేమేటి వదినా" అంది. అంత దూరం వెళ్లి ఆ మాట పడ్డాక, భోజనం చెయ్యకుండా లేస్తే ఇంకో మాట. తిని లేచేసరికి వాన పట్టుకుంది, వచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గర ఆటో ఆపమని నేనూ అనలేదు, వాడూ అడగలేదు.

మర్నాడు మా అబ్బాయి డీజిలు వరసలో నిలబడితే, నేనూ మా ఆయనా, ఆయన పనిచేసే బెల్లం షావుకారి ఇంటికి నడిచి వెళ్లాం. గొడౌను కప్పు లేచిపోయి బెల్లం దిమ్మలన్నీ కరిగి, వీధి కాలవంతా నల్లగా పాకం పారుతోంది. ఆ ఇంటి ఆడవాళ్లతో కలిసి నేనూ కళ్లు తుడుచుకున్నాను. అవి దొంగ కన్నీళ్లేమీ కావు. కానీ అదే వేళకి నా అప్ప ఎలా ఉందో నేను అనుకోనైనా లేదు.

ఆ పై రోజు పొద్దున్న వెళ్లాం. అప్ప ఇంటికి గోడలే ఉన్నాయి. ఊరంతా ఇళ్లు పోగొట్టుకుని స్కూలు వరండాలో ఉంటున్నారంటే అక్కడికి వెళ్లాను. గోడకి జారగిలబడి, పాత చీర ముక్క చుట్టిన కాలు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి ముఖమంతా నవ్వింది. "వచ్చేవేటే గుంటా. పిల్లకి నొప్పులేవీ రాలేదు కదా" అని, తలకింద పెట్టుకున్న ప్లాస్టిక్ సంచీ లాగి నా చేతిలో పెట్టింది. "ఇదిగో కాయం. ఇల్లంతా తడిసినా దీన్ని తడవనియ్యలేదు."

కాలికి ఏమైందంటే, "రేకు గీసుకుందే. పసుపెట్టేను, మానిపోద్ది" అంది. ఆ గుడ్డ విప్పేసరికి వచ్చిన వాసనకి మా అబ్బాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అప్పకి షుగరు ఉందన్న సంగతి నాకు తెలియనిది కాదు.

ఆవిణ్ని ఆటోలోకి ఎక్కిస్తుంటే, సాయం పట్టిన పొరుగింటావిడ నా దగ్గరగా వచ్చి చెప్పింది. "మొన్న మీ నెమళ్ల ఆటో పెద్దరోడ్డు మీద ఎల్తంటే సెట్లు నరికే మావోలు సూసేరమ్మా. మీ సెల్లెలొత్తందే అని సెప్పేం. మీ అప్ప నవ్వి, ఇటు రాదు, ముందు ఇయ్యపురాలింటికి ఎల్లాలి కదా దానికి, ఎల్లకపోతే ఎలాగ అన్నాది."

ఆవిడ దెప్పడానికి చెప్పలేదు, మా అప్ప గొప్పతనం చెబుతున్నాననుకుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరు గాయం ఎప్పటిదని అడిగి, మొన్ననే తెచ్చి ఉంటే కాలు దక్కేదేమో అన్నాడు. ఆ 'ఏమో' అన్న ఒక్క ముక్క పట్టుకుని ఇన్నేళ్లు గడిపాను. మోకాలి కింద నుంచి తీసేశారు.

తొమ్మిది రోజులకి ఈ పిల్ల పుట్టింది. అప్పని మా ఇంటికే తెచ్చుకున్నాం. మొదటి స్నానం నాడు కుంకుడురసం, నలుగుపిండి, వేణ్నీళ్లు అన్నీ సిద్ధం చేసి, అలవాటు కొద్దీ బిడ్డని తెచ్చి అప్ప చేతికి ఇవ్వబోయాను. తను బిడ్డని చూసింది, తన ఒంటి కాలిని చూసుకుంది. ఒక్క కాలి మీద బిడ్డ నిలవదు. "నువ్వే కూకోవే. నానిక్కణ్నుంచి సెప్తాను" అని స్టూలు మీద సర్దుకుంది. నేను కాళ్లు బారజాపి కూర్చుంటే తను పైనుంచి నీళ్లు పోస్తూ, మెడ కింద సెయ్యెట్టు, నీ కాళ్లు దగ్గరికి సేర్చు అని చెబుతుంటే, బిడ్డ ఏడుస్తూనే ఉంది. నేనూ ఏడుస్తున్నానని నీళ్ల చప్పుడులో ఎవరికీ తెలియలేదనుకున్నాను. అప్పకి తెలిసింది. చెంబుతో నా తల మీద కూడా ఒకసారి పోసి, "ఇంక సాల్లే" అంది.

తరవాత నాలుగేళ్లు బతికింది. ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. ఆకాశం మబ్బేస్తే మాత్రం మంచం మీంచి, "ఏటే, ఈసారి ముందెవరింటికెల్తన్నావు" అనేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. నవ్వలేకపోయేదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు వరస లేదు. ఒక్క నొక్కుతో అందరినీ ఒకేసారి పలకరించేస్తున్నారు, ముందు వెనకల కోపాల్లేవు, మొన్న మా వియ్యపురాలు కూడా బొటనవేలి బొమ్మే పెట్టింది. ఇదేదో మంచికే అనుకుందామంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆనాడు ఫోన్లు పనిచేసి ఉన్నా, అప్ప చేతిలో ఇలాంటి ఫోనే ఉన్నా, ఏమని పెట్టేదో నాకు తెలుసు. బాగున్నాననే పెట్టేది. ఆ బొమ్మ చూసి నేను నిశ్చింతగా కాఫీ తాగేదాన్ని. ఆ రోజుల్లో ఎవరో ఒకరు వెళ్లి గుడ్డ విప్పి చూసేవాళ్లు, ఆలస్యంగానైనా.

అందుకే మొన్న ఆ పిల్ల స్కూలుకి వెళ్లాక, ఎవరికీ చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి ఆ మలుపు దగ్గర దిగాను. చెట్లేవీ పడలేదు, దారి బాగానే ఉంది. అప్ప ఇల్లున్న చోట ఎవరో చెరుకు వేశారు, గాలికి సగం తోట పడుకుంది. గట్టు మీద కాసేపు నిలబడి, అందరికంటే ముందు ఇక్కడికే వచ్చానప్పా అని చెప్పుకుని, తిరిగి ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాను.