విప్పి చూడనిదే తుడవను

మా అక్కను స్టూడియోలో అందరూ మూటలక్క అంటారు. చూపులేని వాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చోటు అది. తప్పులు విని దిద్దడం నా పని. రికార్డయిన ఫైళ్లను మూటకట్టి, చిన్నవి చేసి దాచడం అక్క పని. అందుకు ఆమె మౌస్ ముట్టుకోదు. నల్ల తెర తెరిచి టార్ అని కమాండు కొడుతుంది. పక్కన సీ పెడితే కట్టు, ఎక్స్ పెడితే విప్పు, టీ పెడితే విప్పకుండా లోపలి పేర్లు చూపించు, జెడ్ కలిపితే నొక్కి కుదించు. ఈ నాలుగక్షరాల విద్యకు ఇంత పొగరా అని నేనే ఏడిపిస్తుంటాను.

ఆ పొగరు ఒక్క విషయంలోనే. కట్టిన మూటను ఖాళీ ఫోల్డరులో విప్పి, చివరి ఫైలును చివరిదాకా వింటే గాని అసలు ఫైళ్లను తుడవదు. ఉన్నవాటి మధ్య విప్పితే అదే పేరున్న పాతవాటిని కొత్తవి మింగేస్తాయి, అందుకని ఖాళీ ఫోల్డరు. మూట మధ్యలో తెగితే ముందు పోయేది తోక, అందుకని చివరి ఫైలు.

ఆ రోజు డిస్కు నిండిపోయి రికార్డింగు ఆగింది. ఖాళీ చేయాల్సినవి మా మేనత్త చదివిన పుస్తకాలు. నేను దిద్దడం పూర్తికాలేదు గనుక ఇంకా ఎవరికీ పంపలేదు, వేరే కాపీ లేదు. అత్తకు గొంతు ఆపరేషన్ అయింది, ఇక మాట రాదు. అవి పోతే ఆమె గొంతు పోయినట్టే. అయినా ఆవిడ రోజూ స్టూడియోకు వస్తుంది, వద్దనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆ రోజూ గోడ పక్కన కూర్చుని ఉంది.

అక్క పక్క డిస్కులో పుస్తకానికొక మూట చొప్పున కట్టడం ముగించగానే కొత్త మేనేజరు వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"అయిందిగా? పాతవి తుడిచెయ్యమ్మా."

"ఇంకా విప్పి చూడలేదండీ."

"ఎర్రరేమీ రాలేదుగా!"

"రాలేదు. అయినా వింటాను."

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే ఎట్లా? అవతల చదివేవాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. నువ్వు తుడవకపోతే ఇంకొకళ్ల చేత తుడిపిస్తాను. రేపణ్ణించి ఈ పని వాళ్లదే."

"రేపటి సంగతి రేపు చూద్దాం. ఇవాళ కీబోర్డు నా చేతిలో ఉంది."

ఆయన చెప్పిందాంట్లోనూ న్యాయముంది, చదివేవాళ్లు పొద్దున్నించీ ఎదురుచూస్తున్నారు. కానీ ఆ మాటన్న తీరుకు ఒళ్లు మండింది. తుడిచేస్తే పోయేది ఆయన అత్త గొంతు కాదు కదా!

అక్క ఎక్స్ కొట్టింది. తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి దిగాయి. చివరి ఫైలు తెరిచి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. పుస్తకం ముగిసింది. అయినా ఫైలు ఆగలేదు. పేజీలు సర్దుకున్న చప్పుడు, ఆ వెనకే రికార్డు చేసేవాణ్ణి అత్త కసురుకున్న గొంతు:

"ఏమయ్యా, సరిగ్గా వచ్చిందా? రాకపోతే చెప్పు, మళ్లీ చదువుతాను. వచ్చేదాకా నేనిక్కణ్ణించి కదల్ను."

అత్త తన గొంతు తాను వింటూ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

మేనేజరు సర్దుకున్నాడు. "చూశావా, అంతా బాగానే ఉంది. ఊరికే ఇంతసేపు దండగ."

"బాగుందని ఇప్పుడు తెలిసింది. ఇందాక మీకూ తెలీదు, నాకూ తెలీదు" అని అక్క ఆ ఒక్క పుస్తకం అసలు ఫైళ్లను తన చేత్తోనే తుడిచి, రెండో మూట అందుకుంది.

"ఇవన్నీ కూడా వింటావా ఏంటి?" అన్నాడాయన.

అక్క జవాబు చెప్పేలోగా అత్త లేచింది. తను కూర్చున్న కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి మేనేజరు ముందు వేసి, కూర్చోమని వేలు చూపించింది.