నాలుగు దేశాల పంపూ, మా అత్త దిష్టిబొమ్మా

మా మేనత్త మామిడి తోటలో ఎండతో నడిచే పంపు పెట్టడానికి నాలుగు దేశాలు చేతులు కలిపాయి. డబ్బు ఒక దేశానిది. అక్కడ ఏడాదిలో సగం రోజులు సూర్యుడే కనపడడట, ఎండ ఉన్నవాళ్ళన్నా వాడుకోండని మనకిచ్చారు. సోలార్ పలకలు ఇంకో దేశంలో చేశారు. అన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే ఇంజనీరమ్మది ఆఫ్రికాలో ఒక దేశం. ఇలాంటి పంపులు వాళ్ళ ఊళ్ళలో ముందే పెట్టి, పడాల్సిన తిప్పలన్నీ పడి వచ్చిన మనిషి. నాలుగోది మన దేశం. మన వాటా ఎండ, మా అత్త, నేను.

నేను ఎనిమిదో క్లాసులో బడి మానేసి తిరువూరు బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే షాపులో చేరినవాణ్ణి. ఇప్పుడు ఆ షాపు నాదే. ప్రాజెక్టువాళ్ళు నా మెళ్ళో కార్డొకటి వేసి ‘స్థానిక సమన్వయకర్త’ అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు ఒక్క గుక్కలో రాదు. పని మాత్రం తేలికే. అత్త తిట్టినప్పుడు వినాలి.

తోట రెడ్డిగూడెం వెళ్ళే దారిలో ఉంది. మావయ్య పోయాక అత్త ముసలి చెట్లు కొట్టించి కొత్త అంట్లు నాటింది. మోకాలెత్తు మొక్కలు. ఈ వేసవి గట్టెక్కితే ఇక బతికినట్టే, ఎండిపోతే మళ్ళీ నాటే ఓపిక ఆవిడకి లేదు. పంపు నీళ్ళు ఇద్దరికి వంతు. పొద్దున్న అత్తకి, మధ్యాహ్నం పక్క తోట పెద్దాయనకి. గట్టు తగాదా వచ్చినప్పటినుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

పంపు బిగించిన రోజే అత్త రోడ్డువైపు, పలకలకి తూర్పున ఒక దిష్టిబొమ్మ పాతింది. గడ్డి ఒళ్ళు, కుండ తల, సున్నం కళ్ళు, బొగ్గు మీసాలు.

“రోడ్డున పోయే ప్రతివాడి కన్నూ దీనిమీదేరా,” అంది.

తీరా చూస్తే పొద్దున్న అత్త వంతులో నీళ్ళు నీరసంగా వచ్చేవి. మధ్యాహ్నం పెద్దాయన వంతు రాగానే గొట్టం నిండా దూకేవి.

“చూశావా వాడి కళ్ళు!”

“ఆయన దిష్టి పెడితే ఆయనకెందుకు ఎక్కువొస్తాయి అత్తా?”

“పెట్టినవాడికి తగల్దురా. నీకు చదువు లేదు, తెలీదు.”

అత్త చదువు నాకంటే తక్కువ. ఆ సంగతి నేను ఎత్తలేదు, అన్నం టైమయింది.

ఆవిడ బొమ్మకి వెదురు చేతులు కట్టింది. నీళ్ళు ఇంకొంచెం తగ్గాయి. మావయ్య పాత చొక్కా తొడిగింది. మరికాస్త తగ్గాయి. కుండ తీసేసి కాగంత తల పెట్టింది, చేతులకి పాత గోనెసంచులు వేలాడదీసింది. గొట్టంలోంచి ఆవులింతలాంటి ధార వచ్చింది. నేను మోటారు పైకి లాగి, విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను.

“మోటారు బంగారం అత్తా.”

“బంగారాన్ని నేనేం చేసుకోను? నీళ్ళేవిరా?”

ఆ పంపులో ఒక సిమ్ము ఉంది. మా తోటలో నీళ్ళు తగ్గితే ముందు పైదేశాల్లో తెలుస్తుంది. తెలిసింది కూడా. ఈ చోటు బాగోలేదు, ఇలాగే ఉంటే పంపుని పెనుగొలను ఊరికి మార్చేస్తామని కబురొచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్ళి చెప్పాను. అత్త వెళ్ళి మొక్కల మధ్య కూర్చుని, ముడుచుకున్న ఆకుల్ని ఒక్కొక్కటీ వేళ్ళతో సాపు చెయ్యడం మొదలుపెట్టింది. నాకు తిట్టినా బాగుండుననిపించింది.

చివరికి ఇంజనీరమ్మే వచ్చింది, మాటలు తెలుగులో చెప్పడానికి హైదరాబాదు కుర్రాణ్ణి వెంటపెట్టుకుని. పొద్దున్నే పలకల చుట్టూ తిరిగి, తన టోపీ తీసి ఒక పలక మీద పెట్టింది. ధార సన్నబడింది. తీసింది. లావయింది.

“పలకలన్నీ వరసగా ఇటుకలు అందించుకునే కూలీల్లాంటివట,” అన్నాడు కుర్రాడు. “ఒక్కడు నీడలో కునుకు తీస్తే వరసంతా ఆగుతుందట.”

అప్పుడు అందరం ఒకేసారి తలలెత్తి చూశాం. గోనెసంచుల చేతులు చాపుకుని, నాలుగు పలకల మీద నీడ పరిచి, మా అత్త దిష్టిబొమ్మ మమ్మల్నే చూస్తోంది.

అత్త అప్పటికి మొక్కల దగ్గరే ఉంది. కంప్యూటర్ తెరిచి డబ్బిచ్చిన దేశంవాళ్ళతో మీటింగు పెట్టారు. తెరలో స్వెట్టరేసుకున్న పెద్దమనిషి చాలాసేపు మాట్లాడాడు. స్థానికుల నమ్మకాల్ని గౌరవించాలట, బొమ్మని ముట్టుకోకూడదట, కింద సిమెంటు దిమ్మలు తవ్వి పలకల్నే అవతలికి జరపాలట. అది అయ్యేసరికి వేసవి వెళ్ళిపోతుంది, మొక్కలూ వెళ్ళిపోతాయి. ఇంజనీరమ్మ నా మెళ్ళో కార్డు వైపు చూసింది.

వెళ్ళాను. “అత్తా, నీ బొమ్మ చాలా అందంగా ఉంది.”

“ఏంటి సంగతి?”

“ఆ అందం నీడ పలకల మీద పడి నీ నీళ్ళు తాగేస్తోంది.”

అత్త బొమ్మనీ పలకల్నీ మార్చి మార్చి చూసింది. “ఈ ముక్క చెప్పడానికి ఇన్ని దేశాలు కావాలా?” అంటూ బొమ్మని ఊడబెరికి భుజానికెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

“ఒరేయ్, మధ్యాహ్నం నీడ ఎటు పడుద్ది?”

“పొద్దు పడమటికి తిరిగితే నీడ తూర్పుకి.”

తిన్నగా పలకలకి పడమటివైపు నడిచింది.

“అత్తా! అక్కడ పాతితే పెద్దాయన వంతు...”

“నాకు తెలుసు.”

గట్టు అవతలనుంచి పెద్దాయన కేక. “వదినా! ఆ పని మాత్రం చెయ్యకు, నీకు దణ్ణం పెడతా!”

“అబ్బో, మాటొచ్చిందే!” అంది అత్త, గొయ్యి తవ్వుతూనే.

ఇంజనీరమ్మ పరిగెత్తుకొచ్చి బొమ్మ కాళ్ళు పట్టుకుంది. తల అత్త చేతిలో ఉంది. కాసేపు అటూ ఇటూ లాగారు. ఇంజనీరమ్మే బొమ్మని వదిలేసి, వాడిన మొక్క దగ్గర కూర్చుని, ఆకు మీద చెయ్యేసి, గట్టు అవతల మొక్కల్ని కూడా చూపించింది. అవీ మోకాలెత్తువే. అత్త అటు చూసి బొమ్మని నా చేతికిచ్చింది.

“ఉత్తరానికి పట్టుకెళ్ళరా,” అంది నాతో. “దూరంగా. ముఖం మాత్రం రోడ్డుకే ఉండాలి.”

నీళ్ళు గొట్టం నిండా వచ్చాయి. ఒక పాదు నిండి ఇంకో పాదులోకి పాకుతూ వరస చివరిదాకా వెళ్ళాయి. తెరలో పెద్దమనిషి ఇంకా పలకలు జరపడం గురించే చెబుతున్నాడు. ఆయనకి ఎవ్వరూ కబురు చెప్పలేదు. కంప్యూటర్ ఎత్తుకుపోయి చివరి మొక్క దగ్గర కూర్చుని చూపించాను. ఎండిన మట్టి గుటకలేస్తుంటే ఆయన మాట ఆపి వింటున్నాడు.

“ఆ పెట్టె తీసుకుని పాదులోంచి బయటికి రారా!” అని అత్త వెనకనుంచి అరిచింది. “మొక్క తొక్కేస్తావ్!”