ఈశాన్యం వైపు ఎక్కని నీళ్ళు

మా నర్సీపట్నం ఇంట్లో వంటగదికి సింకు పెట్టించమని అడిగింది నేనే. కాబట్టి మొదటి తప్పు నాదే అంటే ఒప్పుకుంటాను. మిగతా తప్పులు మాత్రం ఈ వయసులో కూడా ఒప్పుకోను.

డెబ్బైలు ముగిసే రోజులవి. అంతకు ముందు ఏడాది నా భార్య నూతి గట్టు మీద జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించాం, ఎముక అతుక్కుంది గానీ ఆ కాలు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. నడిచేది, నిలబడేది, వంట చేసేది. కింద కూర్చుని అంట్లు తోమడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రాణం పోయేది. ఎనిమిది మంది తిన్న కంచాలు, గంజి వార్చిన గిన్నెలు, మసిపట్టిన డేగిసాలు. పెరట్లో రాతి పలక మీద ఒక కాలు బారజాపుకుని, ఒక పక్కకి ఒరిగి తోమేది. నేను చూసేవాణ్ణి. చూడడం తప్ప ఏం చేశావని అడక్కండి. అప్పట్లో ఇళ్ళలో మగవాళ్ళు చేసే పని అదే.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పాత కాగితాల కొట్లో దొరికిన పుస్తకాలు చదివి, ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించి నేర్చుకున్న విద్య నాది. గొలుగొండ, రావికమతం వైపు చెరుకు తోటలకు నీళ్ళు తోడే పంపుసెట్లు బాగుచేసేవాణ్ణి. మా అన్నయ్య ఎస్సెస్సెల్సీ పాసై ఒక ఆఫీసులో గుమస్తాగా చేసేవాడు. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. రెండు సంసారాలకీ వంట ఒక్కటే. మాట కూడా ఒక్కటే, అది ఆయనది.

సింకు అనగానే కాదనలేదు, అది ఆయన మంచితనం. కానీ వాస్తు చెప్పే పెద్దమనిషిని ఒకణ్ణి తీసుకొచ్చాడు. ఆయన ఇల్లంతా తిరిగి, వాడిన నీళ్ళు ఈశాన్యం మూలనుంచే బయటికి పోవాలని తేల్చి, కాఫీ తాగి వెళ్ళాడు. ఈశాన్యం మూలన వీధి కాలువ ఉంది. వీధేమో రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతూ వచ్చింది. మా స్థలం వీధి నుంచి పెరటికి, అంటే నైరుతికి వాలి ఉంది. వానొస్తే నీళ్ళు ఎటు పోతాయో మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు.

"అన్నయ్యా, వాలు పెరటి వైపుంది. గొట్టం అటేయిస్తే సుఖంగా పోతాయి, అరటి చెట్లకీ పనికొస్తాయి," అన్నాను.

"నైరుతి నుంచి నీళ్ళు పోతే ఇంటి యజమాని ఇంట్లో నిలవడంట. యజమానెవడు? నేనా, నువ్వా?"

తాపీ మేస్త్రిని పక్కకి పిలిచి అడిగాను, నీకు కనిపించడం లేదా అని.

"కనపడకేటి బాబూ, రెండు కళ్ళూ ఉన్నాయి. పెద్దబాబు ఏలెటు సూపిత్తే అటేత్తాను. నీల్లెల్లకపోతే మల్లీ నన్నే కదా పిలుత్తారు," అని నవ్వాడు.

గొట్టం ఈశాన్యానికే పడింది. సింకు నీళ్ళూ, వంటగది నేల కడిగిన నీళ్ళు పోయే తూమూ ఆ ఒక్క గొట్టంలోనే కలిశాయి. మొదటి పది రోజులు బాగానే ఉంది. నా భార్య నిలబడి అంట్లు తోముకుంటూ ఏదో కూనిరాగం తీయడం విన్నాను. మా పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆవిడ గొంతులో రాగం వినడం నాకదే మొదలు.

పదకొండో రోజు సింకులో వదిలిన నీళ్ళు ఆవిడ కాళ్ళ దగ్గర తేలాయి. నేల మీది తూములోంచి గంజీ, మురుగూ కలిసి పైకొచ్చి పొయ్యి దాకా పారాయి.

"మెతుకులు ఎత్తకుండా పారబోత్తే ఇలాగే అవుద్ది. నిలబడి తోమే మారాణీలకి కిందున్నవి కనపడవు కదా," అంది వదిన.

"ఒక్క మెతుకు పడనీలేదక్కా, గుడ్డ అడ్డం పెట్టే వంపుతున్నాను," అంది నా భార్య.

గుడ్డ నేను చూశాను. నిజమే. అయినా ముందు ఆవిడనే అనుమానించినట్టు సింకు కింది వంపు గొట్టం విప్పాను. ఆ పనికి ఈనాటికీ సిగ్గుపడతాను. వంపులో దొరికింది మెతుకులు కాదు, బూడిద. మా ఇళ్ళలో గిన్నెలు తోమేది బూడిదతో, కొబ్బరి పీచుతో. రాతి పలక మీదైతే మట్టిలో కలిసిపోయేది. గొట్టంలో గంజి తగిలి సిమెంటులా బిగిసింది. తవ్వి తీశాను. బూడిద మాన్పించి సబ్బుపొడి కొన్నాను. వెదురు బద్దకి గుడ్డ చుట్టి గొట్టం పొడవునా పొడిచాను. సలసల కాగే నీళ్ళు పోశాను. నాలుగు రోజులు నీళ్ళు పోయాయి, అయిదో రోజు మళ్ళీ తేలాయి. ఈసారి వాన కూడా పడింది. వీధి కాలువ నిండి, ఊళ్ళో వాళ్ళందరి మురికీ మా వంటగదిలోకి వచ్చింది.

పొలాల్లో వాడే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి మట్టం చూశాను. తూము దగ్గర కన్నా వీధి చివర గొట్టం జానెడు ఎత్తులో ఉంది. అన్నయ్యని పిలిచి రెండు చివర్లలో నీళ్ళు చూపించాను.

"ఇదేటి, గారడీయా?"

"మట్టం అన్నయ్యా. నీళ్ళు కొండెక్కాలి మనింట్లో."

"ఒరే, ఇంజన్లు బాగుచేసుకో. ఇళ్ళు కట్టడానికి సదువుండాలి."

చదువున్న ఆ మనిషి గొట్టం వైపు మళ్ళీ చూడను కూడా లేదు.

అన్నయ్యా వదినా పెళ్ళికని రెండు రోజులు ఊరెళ్ళినప్పుడు పలుగు పట్టాను. పాత గొట్టం మూసి, వంటగది గోడ నుంచి పెరటికి, నైరుతి మూల అరటి చెట్ల దాకా కొత్తది వేశాను. గజానికి రెండు వేళ్ళ వాలు పెట్టాను. బిందెడు నీళ్ళు సింకులో గుమ్మరిస్తే ఆవిడ బిందె కింద పెట్టేలోపల అరటి మొదట్లో పడ్డాయి.

"బేగి ఎల్లిపోయాయండీ!" అని చిన్నపిల్లలా రెండో బిందె తెచ్చింది.

అన్నయ్య వచ్చి, కొత్త గొట్టం చూసి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. నెల గడిచింది. వానలు పడ్డాయి, వంటగది పొడిగా ఉంది. అప్పుడే ఆయనకి కొయ్యూరు బదిలీ కాగితం వచ్చింది. ఏజెన్సీ అంటే ఆఫీసువాళ్ళకి చలిజ్వరం తగిలినట్టే. ఆ ఏడు ఆయన ఆఫీసులోంచి మరో ముగ్గుర్ని కొండలకి పంపారు. వాళ్ళ ఇళ్ళలో సింకులే లేవు. ఆ సంగతి నేను చెబితే వినేవాళ్ళెవరు?

"నిలవడన్నారు, నిలవనిచ్చావేటి? తవ్వినోడివి నువ్వే పూడ్చు," అన్నాడు అన్నయ్య. వదిన గుమ్మంలో కూర్చుని, నా భార్య మోకాలి కోసం తన మొగుణ్ణి అడవికి తోలేశామని వీధికి వినపడేలా ఏడ్చింది.

నేను కుదరదనే అన్నాను. నా భార్యే నా చెయ్యి పట్టుకుంది.

"మూసీయండి. ఈ మాట పడుతూ నేను నిలబడి తోమలేను."

నా చేతులతోనే సిమెంటు కలిపి కొత్త గొట్టం మూశాను. సింకు కన్నంలో కూడా పోసి బిగించాను. బదిలీ ఆగిందా? ఆగలేదు. గొట్టం మూసిన వారానికి పెట్టె సర్దుకుని కొయ్యూరు వెళ్ళాడు. ఆదివారాలు వచ్చేవాడు. మూసేశాం కదా, మరెందుకు ఆగలేదని ఆ ఇంట్లో ఒక్కరు కూడా అడగలేదు. అడిగితే నన్ను అన్న నాలుగు మాటలూ తమని తాము అనుకోవాలి.

గొట్టం మూసిన మర్నాడు పొద్దున్న ఆవిడ రాతి పలక దగ్గరికి వెళ్ళబోతుంటే గిన్నెలు లాక్కుని నేను కూర్చున్నాను.

"లెగండి, ఎవరైనా సూత్తారు. నాకు సిన్నతనం."

"చూడనీ."

లేవలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్న ఆరేళ్ళూ, ఇంజన్ పనికి వెళ్ళేముందు ఎనిమిది మంది అంట్లూ నేనే తోమాను. ఆవిడ పక్కన నిలబడి నీళ్ళు పోసేది. తల తిప్పి వీధి వైపు చూస్తూ ఉండేది. ఒక ఆదివారం అన్నయ్య పెరటి గుమ్మంలోకి వచ్చి, మసి చేతులతో ఉన్న నన్ను చూశాడు. సింకు సంగతి ఎత్తుతాడనుకున్నాను.

"పక్కింటోళ్ళు సూత్తన్నార్రా. ఆ పెరటి తలుపేసుకుని తోముకో," అన్నాడు.

తనే తలుపు దగ్గరికి లాగి, లోపలికెళ్ళి భోజనానికి కూర్చున్నాడు.