మూడో తీగ మీద బొట్టు

కోవిల్‌పట్టిలో నాకు మెకానిక్‌గా పేరు రాకముందే నోటి దూలగాడిగా పేరొచ్చింది. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను గాని నోరు మానుకోలేదు. తొంభైల చివర్లో బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకుని, వచ్చిన బండికి మరమ్మతూ, వచ్చిన మనిషికి ఎకసెక్కమూ చేస్తూ బతికేవాణ్ణి.

ఒక శుక్రవారం పొద్దున మా పెదనాయన తన పాత తెల్లకారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. సొంత పెదనాయన కాదు, ఊరి వరస. విళాత్తికుళం వైపు నల్లరేగడిలో మిరపా పత్తీ వేసే మనిషి. తరతరాలుగా తమిళనాడులో ఉన్న తెలుగువాళ్లం మేము, అందుకే నలుగురిలో తమిళమే మాట్లాడతాడు. కోపమొస్తే మాత్రం ఇంటి తెలుగు బయటికొస్తుంది. ఆ రోజు దిగుతూనే తెలుగు మొదలెట్టాడు.

"రేయ్, సూడు దీని యవ్వారం!"

కారు నిలబడిన చోటనే గడగడా వణుకుతోంది. ముందర కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ ఊయలూగుతున్నాయి. వెనక సీట్లో కూర్చున్న పెద్దమ్మ బుగ్గలూ ఊగుతున్నాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ ఎరగనట్టు సాఫీగా ఉంటుంది. కాలు తీశాడో, మళ్లీ చలిజ్వరం.

"చలేస్తున్నట్టుంది పెదనాయనా, దుప్పటి కప్పు."

"నీ నోట్లో మన్ను. ఎల్లుండికి ఇది ఆగాల. లేదంటే నా మానం పోతది."

సంగతేమిటంటే, విరుదునగర్‌లో ఉండే ఆయన చెల్లెలి మొగుడు ఆ కారుకు 'పిండి రుబ్బే మిషన్' అని పేరు పెట్టాడు. బావాబావమరుదులు ఒకర్నొకరు ఏడిపించుకోకపోతే మా వాళ్లలో అన్నం అరగదు. మాట మీద మాట పెరిగి పందెం పడింది. ఆదివారం ఆ బావ ఇంట్లో ఆయన మనవరాలికి చెవులు కుట్టించే వేడుక. చుట్టాలందరి ముందూ ఇంజన్ ఆపకుండా బానెట్ మీద నిండు కాఫీ గ్లాసు పెట్టాలి. చుక్క ఒలికితే పెదనాయన కారు అమ్మేసి, ఇక ఏ పెళ్లికైనా చావుకైనా బావ స్కూటర్ వెనక కూర్చుని వెళ్లాలి. ఒలక్కపోతే బావ అందరి ముందూ "మంచి కారు" అనాలి.

ఆ బావ స్కూటర్ నడపడం నేను చూశాను. ఎదురొచ్చే బర్రెకు కూడా దండం పెట్టాలనిపిస్తుంది. పెదనాయన కళ్లలో భయం ఊరికే రాలేదు.

చూసీ చూడగానే, "ఇంజన్ కింద రబ్బరు దిండ్లు పోయినాయి" అని తేల్చేశాను. పెద్ద డాక్టరు కంటే ధీమాగా. మధ్యాహ్నం దాకా చెమటోడ్చి దిండ్లు మార్చాను. స్టార్ట్ చేశాడు. కారు ముందుకంటే ముచ్చటగా వణికింది.

"మెత్తటి పరుపేసినావు," అన్నాడు పెదనాయన. "ఇప్పుడు సుకంగా వణకతా ఉంది."

ఆ మాట నేననాల్సింది. నా అంగట్లోనే నా సరుకు నాకమ్మాడు. రోషమొచ్చింది.

ఇంజన్ తిరుగుతుండగానే ప్లగ్గు తీగలు ఒక్కొక్కటీ పీకి చూశాను. మొదటిది పీకితే వణుకు పెరిగింది, అంటే ఆ సిలిండరు పని చేస్తున్నట్టు. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది పీకితే మాత్రం ఏ తేడా లేదు. నలుగురు మోసే పల్లకీలో ఒకడు బొంగు పట్టుకుని ఊరికే నడుస్తున్నాడన్న మాట. ప్లగ్గు మార్చాను, తీగ మార్చాను. వాడు భుజం పెట్టలేదు.

ఇక మిగిలింది, నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచే నల్లటి మూత. కరెంటు ఎక్కడ కారిపోతోందో చీకట్లో అయితే నిప్పురవ్వ కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం చీకటెక్కడిది? షెడ్డులో ఉన్న కంబళి తెచ్చి బానెట్ మీదుగా కప్పి, ఇద్దరం లోపల తలలు దూర్చాం.

"దుప్పటి కప్పమంటే తిట్టావే పెదనాయనా."

"నోరు మూసుకుని సూడు. ఊపిరాడలే."

కనిపించింది. మూడో తీగ మొదట్లో సన్నటి నీలం వెలుగు చిటచిటమంటూ పాకుతోంది. కంబళి తీసి చూస్తే అక్కడ పసుపూ కుంకుమా, పొర మీద పొర, గోడకేసిన సున్నంలా పేరుకుపోయి ఉన్నాయి. పై పొర ఇంకా తడి. కరెంటు ప్లగ్గుకు పోవడం మానేసి ఆ తడి దారి పట్టి ఇనుములోకి జారిపోతోంది.

ఆయుధపూజకు ఏడాదికోసారి బొట్టు పెట్టని బండి మా వైపు లేదు. కాని పెద్దమ్మ ప్రతి శుక్రవారం పెడుతుందట. బయట పెడితే వానకు కొట్టుకుపోతుందని లోపల. నిలబడిన చోటి నుంచి ఆమె చెయ్యి సరిగ్గా మూడో తీగకే అందుతుంది.

గుడ్డ తీసుకున్నాను. పెద్దమ్మ కారు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"శుక్రవారం పూట బొట్టు చెరపతావా? నా కారుకేమి మొగుడు పోయినాడా?"

"మొగుడు కాదు పెద్దమ్మా, మూడో సిలిండరు పోయింది."

"ఇంటి లచ్చిమి రా అది!"

"లచ్చిమికైనా బొట్టు నుదుట పెడతారు గాని ముక్కులో పెడతారా? అందుకే తుమ్ముతా ఉంది."

ఆమె పెదనాయన వైపు చూసింది. ఆయన మేఘాల వైపు చూశాడు. చివరికి రాజీ కుదిరింది. ముందు రేడియేటర్ నుదుట నిండుగా బొట్టు పెట్టింది, ఆ తర్వాతే నేను మూత తుడిచాను. కారు గుడిమెట్టు మీద పిల్లిలా కుదురుగా కూర్చుంది.

ఆదివారం నన్నూ వెంటబెట్టుకుపోయారు, డాక్టరు పక్కన ఉంటే ధైర్యమని. విరుదునగర్‌లో చుట్టాలంతా వాకిట్లోకొచ్చారు. బావే స్వయంగా గ్లాసు అంచుదాకా కాఫీ పోసి బానెట్ మీద పెట్టాడు. కాఫీ మీద మీగడ కట్టింది గాని చుక్క ఒలకలేదు.

"ఊ, సెప్పు బావా," అన్నాడు పెదనాయన.

"మంచి కారు," అన్నాడు బావ, ఆముదం తాగిన మొహంతో. "మనిషే పాతబడినాడు."

అక్కడితో ఆగి ఉండాల్సింది. నా పనితనం పదిమందికీ చూపించాలని ఇంజన్ ఆపించి బానెట్ ఎత్తాను. నోటి నిండా కడలమిఠాయి, అదే పల్లీ చిక్కీ, పెట్టుకుని ఉండగా, పెదనాయన చెల్లెలు పసుపు నీళ్ల గిన్నెతో వచ్చింది. "మా అన్న కారుకు దిష్టి తగలకూడదు" అంటూ వంగి, సరిగ్గా మూడో తీగ మొదట్లో తడితడిగా మూడు వేళ్లూ అద్దింది. ఆడపడుచు బొట్టు పెడుతుంటే వద్దనేదెలా? వద్దంటే, ఇన్నాళ్ల వణుకూ బొట్టు వల్లేనని బావకు తెలిసిపోదా? మిఠాయి మింగాను, మాట కూడా మింగాను.

పెద్దమ్మ రెండు రోజులు అక్కడే ఉంటానంది. ఆ సాయంత్రమే నేనూ పెదనాయనా బయల్దేరాం. తాళం తిప్పగానే కారు గడగడమంది. బావ మెడ ఇటు తిరిగే లోపు పెదనాయన యాక్సిలరేటర్ అదిమేశాడు.

"ఏంది బావా, నిలబడిన కారుకు అంత అరుపు?"

"సంతోసం బావా! దానికి సంతోసం!"

వీడ్కోలు మాటలన్నీ అరుస్తూనే ముగించాడు. సాత్తూరు దాటి, మనిషి కనపడని చోట ఆపాడు. కారు వణుకుతోంది. నేను గుడ్డ అందించాను. ఆయన తీసుకోలేదు. భుజం మీది తుండు తీసి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, చెల్లెలు పెట్టిన బొట్టును తనే తుడిచాడు.

"మీ పెద్దమ్మ అడిగితే నువ్వే తుడిసినావని సెప్తా," అన్నాడు.