బస్తా నంబరేసి పంపిన పది

సి భాషలో రాసిన ప్రోగ్రామును కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌ను పరీక్షించడం నా ఉద్యోగం. పర్చూరులో ఇంట్లో కూర్చునే చేస్తాను. ఇవాళ, ప్రోగ్రాములో నేరుగా రాసిన సంఖ్యలను అది సరిగ్గా చదువుతోందో లేదో చూస్తుంటే, నా పదిని ఎనిమిది అని చూపించింది!

ఎగిరి గంతేశాను. పెద్ద తప్పు పట్టానని టీమందరికీ మెయిల్ కొట్టి, వసారాలో మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్న నాన్నకు కూడా గొప్పగా చెప్పాను.

కాసేపటికి నా దగ్గర పని నేర్చుకున్న శ్రావణి ఫోన్ చేసింది.

"అన్నా, మీరు 10 అని కాదు, 010 అని రాశారు. ముందు సున్నా ఉంటే సి దాన్ని ఎనిమిదుల లెక్కలో చదువుతుంది, అందులో 10 అంటే మన ఎనిమిదే. ఇది నాకు చెప్పింది మీరేగా?"

నిజమే. చిన్నప్పుడు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళే మా మిర్చి బస్తాల మీద నంబర్లు వేసే పని నాది. అన్నీ మూడంకెలతో ఒకే తీరుగా కనపడాలని ముందు సున్నాలు పెట్టేవాణ్ణి. ఆ చేతి అలవాటు ఇంకా పోలేదు. కంపైలర్‌కూ బస్తా నంబరే వేసి పంపాను.

టీముకు క్షమాపణ మెయిల్ పెట్టి బయటికొస్తే నాన్న అడిగారు.

"ఏరా, దొరికిందన్న తప్పు ఏమైంది?"

"మిషను బానే ఉంది నాన్నా. తప్పు నాదే."

చేతిలోని తాలు కాయ పక్కకు పడేస్తూ అన్నారు: "దాన్ని టెస్ట్ చెయ్యడానికి నిన్ను పెట్టారు సరే. నిన్ను టెస్ట్ చెయ్యడానికి ఎవర్నీ పెట్టలేదా?"

ఆ పోస్టు ఖాళీగానే ఉందండీ. కామెంట్లలో అప్లై చేసుకోవచ్చు. మా నాన్నకు మాత్రం ఇంటర్వ్యూ అయిపోయింది.