అడగకుండా పెట్టిన ఉరుము

నాకు రోజూ డైరీ రాసే అలవాటు. ఉద్యోగంలో చాలా ఏళ్ళు వాన కొలత తీసే పని నాదే. ఏ పూట సంగతి ఆ పూటే రాయడం అక్కడ అబ్బింది. రిటైరయ్యాక చిన్న వీడియో కెమెరా కొన్నాను. వజ్రకరూరు వైపు ఒక ఊరి జాతరలో ఒక పెద్దాయన ఉరుము వాయిస్తుంటే తీశాను. ఉరుమంటే రెండు మొహాల వాద్యం. వంకర పుల్లతో తోలును రుద్దితే మబ్బు గర్జించినట్టే ఉంటుంది. నా కెమెరా అంతసేపూ ఆయన చేతుల మీదే ఉంది. అనంతపురంలో ఇంటర్నెట్ సెంటరుకు పోయి ఆ వీడియోను నెట్‌లో పెట్టి, కింద నా పేరు రాసుకున్నాను.

కొన్ని నెలలకు అదే వీడియో ఇంకొకరి పేజీలో కనిపించింది. నా పేరు తీసేసి, వేరే జిల్లా బృందం పేరు వేశారు.

సెంటర్ నడిపే ఆయన నవ్వాడు. "పోనీ సార్. నెట్‌లో పెట్టినాక అది ఊరబావి. ఎవురన్నా తోడుకుంటారు."

"తోడుకోనీ. 'బావి నేనే తవ్వినా' అని ఎవరన్నా అంటే మాత్రం ఊరుకోను," అన్నాను.

ఆ సైట్‌లో ఫిర్యాదు ఫారం ఉంది. హక్కు నాదేనని ప్రమాణం చేయాలి. ఎందుకైనా మంచిదని పక్కవీధి వకీలును అడిగాను. "తీసింది మీరు సరే. వాయించినాయనకూ హక్కు ఉంటాది సార్. ఆయన్ని అడిగే తీసినారా?" అన్నాడు.

ఇంటికొచ్చి ఆనాటి డైరీ తీశాను. బస్సు వేళ ఉంది, బ్యాటరీ ఎంతసేపు వచ్చిందో ఉంది, ఎండ ఎట్లా ఉందో ఉంది. ఆయన పేరు లేదు. అడిగినట్టూ లేదు.

ఫారం పక్కన పెట్టి మరుసటి ఉదయమే బస్సెక్కాను. ఊళ్ళో అడిగి ఇంటికి పోతే, పెద్దాయన వాకిట్లో తోలు బిగిసేందుకు ఉరుమును ఎండకు కాగబెట్టుకుంటున్నాడు. దాచకుండా అంతా చెప్పాను.

"అయితే పెట్టింది మీరేనా? మొన్న పక్కూరి జాతరలో, 'ఏమప్పా, నెట్‌లో వాళ్ళ ఉరుము ఆట నకలు కొడ్తాండావే' అన్యారు. ఆ చేతులు నావేరా అంటే నమ్మల్యా. మా నాయన నేర్పిన ఆటకు నేనే నకలోన్నయినా!"

"అందుకే ఆ దొంగ మీద ఫిర్యాదు ఇస్తున్నా, అన్నా."

"వాడు దొంగ సరే. మీరు నన్నడిగినారా?"

"లేదన్నా. తప్పు నాదే. ఇప్పుడు అడుగుతున్నా."

ఆయన ఉరుమును తిప్పి రెండో మొహం ఎండకు పెట్టాడు. "రాసుకోండి. ముందు మా నాయన పేరు, ఆ తర్వాత నాది, మా ఊరు. అట్లయితేనే."

అనుమతి కాగితం రెండు ప్రతులు రాశాను. వేలిముద్ర వేసి ఒకటి తన దగ్గరే ఉంచుకున్నాడు.

మొదటి ఫిర్యాదు వివరాలు చాలవని తిరిగొచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి పంపాక ఆ నకలు పోయింది. ఆ రోజే నేను పెట్టిన వీడియోనూ నెట్‌లోంచి తీసేయించాను.

"మీదెందుకు సార్ తీసేది?" అన్నాడు సెంటర్ ఆయన.

"అదీ అడగకుండా పెట్టిందే కదా," అన్నాను.

తర్వాతి జాతరకు మళ్ళీ పోయాను. కెమెరా సంచిలో ఉండగానే అడిగాను, "తీయొచ్చా అన్నా?"

"తీయండి. ఈసారి చేతులొకటే కాదు, ఈ ముసలి మొగమూ రానీండి. మళ్ళా ఎవుడన్నా నకలోడు అంటే చూపిస్తా."

పుల్ల చేతిలోకి తీసుకునే ముందు కెమెరా వైపు తిరిగి, వాళ్ళ నాయన పేరు గట్టిగా చెప్పాడు.